ఈటల ఏడుసార్లు గెలిచారు, మేం ఎనిమిదిసార్లు నిలబడ్డాం

మా అవ్వ ఎడమ చేతి చూపుడు వేలికి పెట్టిన సుక్క తోలు మీద వారం పది రోజుల్లో పోతుంది గానీ గోరు మీద మాత్రం నెలల తరబడి ఉంటుంది. గోరు పెరిగేకొద్దీ ఆ నల్ల గీత పైకి జరుగుతూ వస్తుంది. ఆఖరికి ఒకనాడు బాపు గడ్డం గీసుకునే బ్లేడుతో దాన్ని కోసి పారేస్తుంది. 2008 మే 29న కమలాపూర్ ఉప ఎన్నిక. 2009 ఏప్రిల్ 16న సాధారణ ఎన్నికలు. 2010 జులై 27న హుజూరాబాద్ ఉప ఎన్నిక. ఇరవై ఆరు నెలల్లో మూడు సుక్కలు. మూడుసార్లూ పోటీలో ఒకే పేరు, ఈటల రాజేందర్. "ఏడాదికోపాలి ఓట్లేసుడు బతుకమ్మ ఆడినట్టే అయింది గద బిడ్డా" అన్నది అవ్వ మూడోసారి.

మాది కమలాపూర్ మండలంలో ఓ ఊరు. ఇప్పుడు హన్మకొండ జిల్లా అంటున్నారు, నిన్నమొన్నటిదాకా కరీంనగర్ జిల్లా. నేను హన్మకొండలో కిరాయింట్లో ఉంటున్నా, ఓటు మాత్రం ఊళ్లోనే ఉంచుకున్నా. అందుకే టీవీలో ఆయన గురించి మాట్లాడే ప్రతివాళ్లూ "ఏడుసార్లు ఎమ్మెల్యేగా గెలిచిన ఈటల" అని మొదలుపెడితే నాకు ఎక్కడో గీరుకుంటుంది. లెక్క తప్పు కాదు. 2004, 2008, 2009, 2010, 2014, 2018, 2021. ఏడే. 2023లో ఓడిపోయారు, దానితో ఎనిమిది. కానీ 2004 నుంచి 2023 దాకా రాష్ట్రంలో చాలా చోట్ల అసెంబ్లీకి ఓటేసింది ఐదుసార్లే. మేం ఎనిమిదిసార్లు లైన్లో నిలబడ్డాం. ఆ మూడు ఎక్కువ ఎందుకు వచ్చాయి, వాటి ఖర్చు ఎవరి మీద పడింది అన్నది ఆయన రికార్డు చదివేటప్పుడు ఎవరూ అడగరు. నాకు మాత్రం ఆ మూడే అసలు రికార్డు అనిపిస్తుంది.

మొదటి నుంచి చెప్పాలి. కమలాపూర్ అంటే ఒకప్పుడు ముద్దసాని దామోదర్ రెడ్డి. టీడీపీ నుంచి 1985 నుంచి 1999 దాకా వరుసగా నాలుగుసార్లు గెలిచారు, మంత్రిగా చేశారు. ఆయన్ని ఓడించడమంటే మా వైపు పెద్దోళ్లకు నమ్మశక్యం కాని సంగతి. 2004లో టీఆర్ఎస్ కాంగ్రెస్‌తో పొత్తు పెట్టుకుని దిగింది. ఉస్మానియాలో చదువుకుని, కోళ్ల ఫారాల వ్యాపారంలో ఉన్న నలభై ఏళ్ల ముదిరాజ్ మనిషి ఆయన్ని ఓడించాడు. దొరలూ రెడ్లూ తప్ప ఎమ్మెల్యే కాలేరనుకున్న తావులో అది చిన్న విషయం కాదు. మా బాపు ఇప్పటికీ ఆ గెలుపునే గెలుపు అంటాడు, మిగిలినవన్నీ దాని వడ్డీ అంటాడు.

2008లో టీఆర్ఎస్ ఎమ్మెల్యేలు 16 మంది తెలంగాణ కోసం రాజీనామా చేసి మళ్లీ జనం ముందుకొచ్చారు. తిరిగి గెలిచింది ఏడుగురే. ఈ సంగతి ఉద్యమం గురించి రాసేవాళ్లు చాలామంది మింగేస్తారు. రాజీనామా చేస్తే జనం పూలదండలేసి పంపుతారన్నది అప్పుడే అబద్ధమని తేలింది. కమలాపూర్‌లో ముద్దసాని మళ్లీ పోటీకి దిగారు, ఈటలే గెలిచారు. ఆ తర్వాత పునర్విభజనలో కమలాపూర్ అనే నియోజకవర్గమే లేకుండా పోయింది. మా మండలాన్ని హుజూరాబాద్‌లో కలిపారు. 2009లో టీఆర్ఎస్ టీడీపీతో మహాకూటమి కట్టి పదిమందినే గెలిపించుకోగలిగింది, ఆ పదిమందిలో హుజూరాబాద్ ఒకటి. మెజారిటీ 15 వేలు.

ఇక 2010. అంతకుముందు డిసెంబరు 9న తెలంగాణ ఇస్తామన్న ప్రకటన రావడం, పక్షం తిరక్కుండానే వెనక్కి పోవడం, శ్రీకృష్ణ కమిటీ వేయడం, మళ్లీ రాజీనామాలు. జులై 27 అంటే మా వైపు నాట్ల కాలం. ఆ రోజు మా ఊరి బడి దగ్గర లైన్లో ఆడవాళ్ల కాళ్లు చూసిన గుర్తు నాకు బాగా ఉంది. పిక్కల దాకా బురద, అది ఎండి పగుళ్లు పట్టి, బడి వరండా నిండా అడుగుల ముద్రలు. పొద్దున నాటేసి, మధ్యాహ్నం సద్ది తినే టైంలో ఓటుకు వచ్చి, మళ్లీ మడిలోకి పోయారు. కూలి కోసుకుంటారేమో అని ఎవరూ అడగలేదు. 79 వేల పైచిలుకు మెజారిటీ. ఎదురు నిలబడ్డది మళ్లీ ముద్దసానే. నాలుగుసార్లు గెలిచిన మనిషి ఆ రోజు ఎంత దూరంలో మిగిలిపోయారో చూస్తే గెలిచినవాళ్లకే పాపమనిపించింది.

ఆ రెండు రాజీనామాల మీద నాకు పేచీ లేదు. అడిగింది ఏమిటో మాకు తెలుసు, ఎందుకు రమ్మన్నారో తెలుసు. ఓటు వేసిన ప్రతి మనిషీ ఒక ప్రశ్నకు జవాబు చెప్పి వచ్చాడు.

తెలంగాణ వచ్చాక ఈటల మొదటి ఆర్థిక మంత్రి. 2014 నవంబరు 5న రాష్ట్ర తొలి బడ్జెట్ పెట్టారు, లక్ష కోట్లు దాటిన బడ్జెట్. పౌర సరఫరాల శాఖ కూడా ఆయన దగ్గరే ఉండేది. 2015 జనవరి నుంచి సర్కారు హాస్టళ్లలో, మధ్యాహ్న భోజనంలో సన్నబియ్యం మొదలైంది. బడ్జెట్ అంకెలు ఎవరికి గుర్తుంటాయి గానీ, నా చిన్నప్పుడు హాస్టల్లో దొడ్డుబియ్యం అన్నం ముద్ద ముద్దగా, పురుగులేరుకుని తిన్నోణ్ణి కాబట్టి ఆ ఒక్కటి నాకు గుర్తుంది. ఎమ్మెల్యేగా ఏం చేశారని అడిగితే రోడ్లు, చెక్‌డ్యాములు చెప్పొచ్చు, అవి ఎవరున్నా కొద్దో గొప్పో వచ్చేవే. 2014లో 57 వేలు, 2018లో 43 వేల పైన మెజారిటీతో గెలిచారు. 2010 నుంచి చూస్తే గీత కిందికే దిగుతున్నది, కానీ అంత ఎత్తు నుంచి దిగుతుంటే ఎవరు పట్టించుకుంటారు.

2018 ఫలితంలో ఒక చిన్న అంకె ఉంది, మూడేళ్ల తర్వాత గానీ దాని విలువ తెలియలేదు. హుజూరాబాద్‌లో ఆ ఏడు బీజేపీకి పడ్డ ఓట్లు 1,683. నోటాకు అంతకంటే ఎక్కువ పడ్డాయి.

2019 ఆగస్టులో హుజూరాబాద్ సభలోనే "గులాబీ జెండాకు ఓనర్లం మేమే" అన్న మాట అన్నారాయన. ఆ మాటతోనే ఎక్కడో పగులు కనబడింది. 2021 మే 1న వైద్య శాఖ తీసేశారు, అదీ కరోనా రెండో వేవ్ మధ్యలో. తెల్లారి మంత్రివర్గం నుంచే తొలగించారు. భూముల ఆరోపణలు వచ్చాయి, ఆయన కాదన్నారు. ఆ జోలికి నేను పోను. జూన్ 12న ఎమ్మెల్యే పదవికి రాజీనామా ఇచ్చి, రెండ్రోజుల తర్వాత బీజేపీలో చేరారు.

ఈ మూడో రాజీనామా దగ్గరే నా అసలు వాదన.

ఇది మొదటి రెండింటి లాంటిది కాదు. తెలంగాణ కోసం కాదు, ఒక నాయకుడికీ ఆయన పార్టీ అధినేతకూ మధ్య చెడింది, దాన్ని తేల్చడానికి 2 లక్షల 36 వేల మంది ఓటర్లను పిలిచారు. ఆత్మగౌరవం అన్నారు. మా బాపు దానికి "ఆయన ఆత్మగౌరవానికి మనం పత్తి ఏరుడు ఆపుకోవాల్నా?" అన్నాడు. ఆ మాటకు నా దగ్గర అప్పుడు జవాబు లేదు. తర్వాత చాలా రోజులు ఆలోచిస్తే దొరికింది. అవును బాపూ, ఆపుకోవాలె. ఎందుకంటే రెండో దారి ఇంకా అన్యాయం.

రెండో దారి ఏమిటో వరంగల్ వాళ్లకు చెప్పక్కర్లేదు. 2014లో టీడీపీ గుర్తు మీద పాలకుర్తిలో గెలిచిన ఎర్రబెల్లి దయాకర్ రావు ఆ పార్టీ శాసనసభాపక్ష నేతగా ఉండి 2016 ఫిబ్రవరిలో టీఆర్ఎస్‌లోకి పోయారు, పాలకుర్తిలో ఎవరూ మళ్లీ ఓటెయ్యలేదు. 2018లో కాంగ్రెస్ 19 సీట్లు గెలిస్తే, ఉత్తమ్ కుమార్ రెడ్డి ఎంపీ అయ్యి తప్పుకున్నాక మిగిలింది 18. అందులో మూడింట రెండొంతులంటే సరిగ్గా 12. 2019 జూన్‌లో ఆ పన్నెండు మంది కలిసి 'విలీనం' అన్నారు, స్పీకర్ ఒప్పుకున్నారు, అయిపోయింది. భూపాలపల్లి కూడా అందులో ఉంది. 2023 తర్వాత గాలి తిరిగింది. బీఆర్ఎస్‌గా పేరు మార్చుకున్న టీఆర్ఎస్ గుర్తు మీద స్టేషన్ ఘన్‌పూర్‌లో గెలిచిన కడియం శ్రీహరి నాలుగు నెలలకే కాంగ్రెస్‌లో చేరారు. అలాంటివాళ్లు పదిమంది దాకా తేలారు. వాళ్ల మీద ఫిర్యాదుల సంగతి మూడు నెలల్లో తేల్చమని 2025 జులైలో సుప్రీంకోర్టు స్పీకర్‌కు చెప్పాల్సి వచ్చింది. ఓటరు వేసింది ఒక గుర్తుకు, ఐదేళ్లు ఎమ్మెల్యే కూర్చున్నది ఇంకో గుర్తు కింద. ఓటరు చేతిలో సుక్క తప్ప ఏం మిగల్లేదు.

ఇక్కడ నా స్నేహితుడొకడు, కోర్టులో ప్రాక్టీసు చేస్తాడు, ఎప్పుడూ అడ్డం పడతాడు. ఈటల రాజీనామా చెయ్యక ఏం చేస్తాడన్నా, అధికార పార్టీ నుంచి బయటికి పోతే స్పీకర్ తెల్లారే అనర్హత వేస్తాడు, లోపలికొస్తే ఏళ్ల తరబడి ఫైలు కదలదు, అంతే తేడా అంటాడు. నిజమే. 1985లో వచ్చిన ఫిరాయింపుల చట్టం ఒకవైపే తెరుచుకునే తలుపు లాంటిది. చీలిక పేరుతో మూడో వంతు పోవచ్చన్న వెసులుబాటు 2003లో తీసేశారు, మూడింట రెండొంతుల విలీనం దారి మాత్రం ఉంచారు. నిర్ణయం స్పీకర్‌ది, స్పీకర్ ఎవరి మనిషో అందరికీ ఎరుకే. కాబట్టి సర్కారులోకి దూకేవాడికి పైసా ఖర్చు లేదు, సర్కారులోంచి దూకేవాడికి సీటు పోతుంది.

ఒప్పుకుంటా. అయినా ఒక మాట. తప్పకనే ఇచ్చినా, ఇచ్చింది ఇచ్చిందే. ఆ సీటు పోయే ప్రమాదం నిజమైనదే. పరకాలలో కొండా సురేఖ కాంగ్రెస్ వదిలి వైఎస్సార్ కాంగ్రెస్ తరఫున 2012 ఉప ఎన్నికకు దిగి 1,562 ఓట్లతో ఓడిపోయారు. మునుగోడులో కోమటిరెడ్డి రాజగోపాల్ రెడ్డి 2022లో ఈటల బాటే పట్టి పదివేల తేడాతో ఓడిపోయారు. అంటే జనం దగ్గరికి మళ్లీ వెళ్లడం ఉట్టి నాటకం కాదు, సీటు నిజంగానే పోవచ్చు. ఆ ప్రమాదంలో తల పెట్టినందుకు నేను ఈటలకు మార్కులిస్తా. 79 వేల మెజారిటీకి ఇవ్వను, అది ఉద్యమం మెజారిటీ.

అయితే ఆ నాలుగు నెలలు మా దగ్గర జరిగినవి మార్కుల సంగతి కాదు. ఊరి దారుల మీద ఎప్పుడూ చూడనన్ని కార్లు. ఎక్కడెక్కడి ఎమ్మెల్యేలో మా మండలాల్లో కాపురం పెట్టారు. ఆగస్టు 16న శాలపల్లిలో ముఖ్యమంత్రి దళితబంధు మొదలుపెట్టారు, కుటుంబానికి 10 లక్షలు. మొత్తం నియోజకవర్గానికి 2,000 కోట్లు. 2018లో రైతుబంధు మొదలుపెట్టింది కూడా ఆ శాలపల్లిలోనే, అదేం అదృష్టమో ఆ ఊరికి. పోలింగ్ దగ్గరికొచ్చాక ఎన్నికల సంఘం దళితబంధును ఆపమన్నది. దాని మీద ఎవరు ఆపించారని టీఆర్ఎస్, బీజేపీ కొట్లాడుకున్నాయి.

ఆఖరి వారంలో కవర్లు. ఏ పార్టీవో చెప్పను, చెప్పినా తేడా పడదు. మా వాడకట్టులో కుడి వరసకు వచ్చాయి, ఎడమ వరసకు రాలేదు. ఎడమ వరసవాళ్లు పోయి రోడ్డు మీద కూర్చున్నారు. పేపర్లలో చదివే ఉంటారు, ఆ వారం హుజూరాబాద్ ఊళ్లలో మాకు పైసలు రాలేదని ధర్నాలు జరిగాయి. దేశమంతా నవ్వింది. హన్మకొండలో నా ఆఫీసులో కూడా నవ్వారు. నేనూ సిగ్గుపడ్డా, అబద్ధమెందుకు. శనివారం ఓటేయడానికి ఊరికి పోయినప్పుడు అవ్వ ముందర ఆ ముచ్చట తీశా. అవ్వ పత్తి సంచి మూతి కుడుతున్నది. దారం పంటితో తెంపి, "ఆళ్లు మాకియ్యలేదని కూసున్నరు గని, ఓటేస్తమని కూసోలే" అన్నది. మళ్లీ దబ్బనంలోకి దారం ఎక్కించుకుంది.

ఫలితం నవంబరు 2న వచ్చింది. పోలింగే 86 శాతం దాటింది. ఈటలకు 1,07,022, టీఆర్ఎస్ అభ్యర్థి గెల్లు శ్రీనివాస్ యాదవ్‌కు 83,167. శాలపల్లిలోనూ కమలానికే మొగ్గు, గెల్లు సొంతూరు హిమ్మత్ నగర్‌లోనూ అంతే. మూడేళ్ల కింద నోటా కింద పడి ఉన్న గుర్తుకు లక్షా ఏడు వేలు. అదే రోజు కాంగ్రెస్‌కు పడ్డవి 3,014. 2018లో అదే కాంగ్రెస్‌కు 61 వేలు. పార్టీల మీద రాసేవాళ్లు ఈ నాలుగు అంకెలు గోడకు అంటించుకుని పొద్దున లేవగానే చూసుకోవాలి.

అప్పుడు ఊరికి వచ్చినవాళ్లంతా హుజూరాబాద్ ఓటరును ఆకాశానికెత్తారు. పైసలకు లొంగని ఓటరు, అహంకారాన్ని ఓడించిన ఓటరు. రెండేళ్లు తిరిగేసరికి అదే ఓటరు ఈటలను ఓడించాడు, అప్పుడు అదే జనం కృతజ్ఞత లేని ఓటరు అన్నారు. రెండుసార్లూ మమ్మల్ని అడగలేదు.

లెక్క చూద్దాం. 2023లో బీఆర్ఎస్ నుంచి పాడి కౌశిక్ రెడ్డి గెలిచారు. 2018లో కాంగ్రెస్ అభ్యర్థిగా ఈటల చేతిలో ఓడిపోయింది ఈయనే, మధ్యలో పార్టీ మారారు. గెలిపిస్తే జైత్రయాత్ర, లేకుంటే శవయాత్ర అని ఆఖరి రోజు ఓటర్లను బతిమాలి అంతటా వార్త అయ్యారు. ఆయనకు పడ్డవి 80,333. మళ్లీ చదవండి. 2021లో 83,167 తెచ్చుకుని ఆ పార్టీ ఓడింది, 2023లో అంతకంటే దాదాపు మూడు వేలు తక్కువ తెచ్చుకుని గెలిచింది. ఓటర్లు కొత్తగా అటు పోయిందేమీ లేదు. ఈటల 63,460 దగ్గర ఆగారు, అంటే 43 వేలు పోయాయి. కాంగ్రెస్‌కు 53 వేలు వచ్చాయి. ఉప ఎన్నికలో ఇద్దరిలో ఒకరిని తేల్చమంటే కాంగ్రెస్ ఇళ్లలోని ఓట్లు కూడా ఒక పక్కకు చేరాయి. సాధారణ ఎన్నికలో రాష్ట్రమంతా కాంగ్రెస్ గాలి వీస్తుంటే తమ ఇంటికి తాము పోయాయి. ఇందులో కృతజ్ఞత ఎక్కడుంది, ద్రోహమెక్కడుంది? 2021లో మాకిచ్చిన ప్రశ్న వేరు, 2023లో ఇచ్చిన ప్రశ్న వేరు.

ఆయన చేసిన తప్పు కూడా ఒకటుంది. అదే ఎన్నికలో గజ్వేల్‌లో కేసీఆర్ మీద కూడా నామినేషన్ వేశారు. అక్కడ 45 వేలతో ఓడిపోయారు. గజ్వేల్‌కు పోవడం పౌరుషమే, ఎవరూ కాదనరు. కానీ మా ఊళ్లో ఆ నెల రోజులు ఒకటే మాట, సారు ఈడుంటడా ఆడుంటడా అని. ఇరవై ఏళ్లు 'మావోడు' అనిపించుకున్న మనిషి మీద మొదటిసారి ఆ అనుమానం వచ్చింది. రెండు పడవల మీద కాళ్లు పెట్టినోణ్ణి ఏ పడవవాడూ తనవాడనుకోడు. 16,873 తేడాలో ఈ అనుమానం వాటా ఎంతో నేను తూచలేను, మా బాపు మాత్రం మొత్తం అదేనంటాడు. బాపు గాలి సంగతి పట్టించుకోడు.

ఓడిన ఆరు నెలలకే మల్కాజిగిరి నుంచి ఎంపీ అయ్యారు. 2024 జూన్ 4న మధ్యాహ్నం మేం ఊళ్లోనే ఉన్నాం. టీవీ కింద పట్టీలో మెజారిటీ పరుగెడుతున్నది. రెండు లక్షలు, మూడు లక్షలు, చివరికి 3,91,475. బాపు ఏం మాట్లాడలేదు, చెప్పులేసుకుని పశువుల కాడికి పోయాడు. అవ్వ మాత్రం అక్కడే నిలబడి చూసింది.

"అంత మందుంటరా ఒక్క సీటుకు?"

మల్కాజిగిరిలో ఓటర్లే 37 లక్షలు దాటుతారని చెప్పా.

"గన్ని లచ్చల మందిల ఎవలెవలో ఆయనెట్ల గుర్తువడుతడు?" అన్నది. 2004లో ఓట్లకు ముందు ఆయన మా ఇంటికొచ్చి అరుగు మీద కూర్చుని చాయ్ తాగిపోయాడు. ఆ రోజు ఇంట్లో పాలు లేక పక్కింటి నుంచి తెచ్చిన సంగతి అవ్వకు ఇప్పటికీ యాది ఉంది. టీవీ కట్టేసి, మొన్న మే నెలలో పెట్టిన సుక్క గోట్లో ఎంత దాకా వచ్చిందో చూసుకుంది.